ఒక లీటరు సూపర్‌క్రిటికల్ సీఓటూ మెషీన్ రివ్యూ: మెషీన్ బాగుంది, దాంతో వచ్చే ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్‌ని మాత్రం నమ్మకండి

ముందే చెప్పేస్తున్నా, గింజలు, ఆకులు, పువ్వుల పొడి నుంచి కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ)తో నూనె తీసే ఈ మెషీన్‌కి ఐదుకి నాలుగు మార్కులు, దాంతో కలిపి అమ్మే ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటిన్నర. ఈ రెండిటికీ మధ్య అంత తేడా ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే రాయాలి, ఎందుకంటే ఈ మెషీన్ కొనాలనుకునే వాళ్ళలో చాలామంది మెషీన్ కంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని చూసే మొగ్గుతున్నారు, "బటన్ నొక్కితే మీ మొక్కకి సరిపోయే ప్రెషర్, టెంపరేచర్ అదే కనిపెడుతుంది" అన్న మాట విని. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు మెషీన్లు చాలావాటిలో ఇవే గుణాలు, ఇవే లోపాలు కనిపిస్తాయి కాబట్టి మీరు ఏది చూస్తున్నా ఇందులో పనికొచ్చేది ఉంటుంది.

మెషీన్ గురించి క్లుప్తంగా. ఒక లీటరు స్టెయిన్‌లెస్ స్టీల్ వెసెల్ (పొడి నింపే పాత్ర), 400 బార్ దాకా ప్రెషర్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ గాలికుండే ప్రెషర్), 80 డిగ్రీల దాకా వేడి, నిమిషానికి 50 గ్రాముల సీఓటూ పంపే పంపు, దాని ముందు సీఓటూని చల్లబరిచే చిల్లర్, వెసెల్ తర్వాత వరసగా రెండు సెపరేటర్లు, ఇథనాల్ కలపాలంటే విడిగా ఒక చిన్న పంపు. పొడి వెసెల్‌లో నింపుతాం, సీఓటూ దాని గుండా పోతూ నూనెని కరిగించుకుని వస్తుంది, సెపరేటర్‌లో ప్రెషర్ తగ్గగానే నూనె కింద పడిపోతుంది, గ్యాస్ బయటికి పోతుంది. చివర్లో నూనెలో హెక్సేన్ లాంటి ద్రావకం వాసన లేదు, ఆవిరి పట్టి ఉడికించిన వాసన లేదు. ఈ ఒక్క కారణానికే ఈ పద్ధతి మీద నాకు అంత ఇష్టం.

సీఓటూ 31.1 డిగ్రీలు, 73.8 బార్ దాటితే అటు ద్రవమూ కాదు, ఇటు వాయువూ కాదు, ఈ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. ద్రవానికి దగ్గరగా బరువు ఉంటుంది కాబట్టి నూనెని కరిగిస్తుంది, వాయువులా పల్చగా ఉంటుంది కాబట్టి పొడి రేణువుల సందుల్లోకి సులువుగా దూరుతుంది. 1960ల్లో జర్మనీలో కుర్ట్ జోసెల్ అనే రసాయన శాస్త్రవేత్త కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికి దీన్ని పనికొచ్చేలా చేశాక పరిశ్రమలు దీని వైపు చూశాయి, ఇప్పుడు బీరులో వేసే హాప్స్ పువ్వుల నుంచి సారం తీసే ఫ్యాక్టరీలు కూడా పెద్ద ఎత్తున దీన్నే వాడుతున్నాయి. ఇదంతా బ్రోషర్‌లో ఉంటుంది. బ్రోషర్‌లో ఉండనిది సాంద్రత గురించి.

ఈ పనిలో మనం తిప్పేది ప్రెషర్ నాబ్, టెంపరేచర్ నాబ్. నూనెకి తెలిసేది మాత్రం సీఓటూ సాంద్రత. 100 బార్ దగ్గర 40 డిగ్రీల్లో సీఓటూ సాంద్రత ఘనపు మీటరుకి దాదాపు 630 కిలోలు. ప్రెషర్ ముట్టుకోకుండా వేడి ఒక్క పది డిగ్రీలు పెంచి 50 చేస్తే అది 385 దగ్గరికి పడిపోతుంది, 60 చేస్తే 290. అంటే కరిగించే శక్తి సగానికి పైగా ఊడిపోయింది. అదే 300 బార్ దగ్గర 40 నుంచి 60కి పెంచినా 910 నుంచి 830కి మాత్రమే తగ్గుతుంది. ఒకే ఇరవై డిగ్రీల వేడి, ఒక చోట పెద్ద పతనం, ఇంకో చోట లెక్కలోకి రానంత మార్పు. ఈ సంగతి తెలియకుండా మెషీన్ నడిపే వాళ్ళు 100 బార్ దగ్గర జాకెట్ (వెసెల్ చుట్టూ ఉండే వేడి తొడుగు) వేడి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఊగితే నూనె ఎందుకు రావడం లేదో అర్థం కాక తల పట్టుకుంటారు. ఇక్కడ మెషీన్‌కి మంచి మార్కులే వెయ్యాలి, దీని జాకెట్ టెంపరేచర్ నిలకడగా ఉంటుంది, వెసెల్ మధ్యలో పెట్టిన సెన్సర్ కూడా దాదాపు అదే చూపిస్తుంది. చౌక మెషీన్లలో సెన్సర్ వెసెల్ గోడకే ఉంటుంది, లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. అది చేసే పని ఇది: ప్రెషర్, టెంపరేచర్, టైమ్ ఈ మూడిటికీ మూడేసి స్థాయిలు అడుగుతుంది, బాక్స్-బెంకెన్ డిజైన్ (తక్కువ ప్రయోగాలతో అన్ని అంశాలనీ చూసే ఒక పద్ధతి) ప్రకారం 15 రన్ల జాబితా ఇస్తుంది, ప్రతి రన్ తర్వాత సెపరేటర్‌లో పడిన దాని బరువు ఎంటర్ చేయమంటుంది, చివర్లో రంగురంగుల కొండ లాంటి గ్రాఫ్ గీసి కొండ శిఖరం ఇదీ అని చూపిస్తుంది. గ్రాఫ్ పక్కనే ఆర్ స్క్వేర్ (గీసిన గ్రాఫ్ మన అంకెలకి ఎంత సరిపోయిందో చెప్పే కొలత, 1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.97 అనో 0.98 అనో ఉంటుంది, దాంతో మేనేజర్లకి నమ్మకం కుదిరిపోతుంది. మేం ఏ గింజ వేసినా శిఖరం ఒకే చోట వచ్చింది: ఎక్కువ ప్రెషర్, ఎక్కువ వేడి, ఎక్కువ టైమ్. దీనికి పదిహేను రన్లు అక్కర్లేదు. గింజ నూనెని గట్టిగా ఎక్కువసేపు కడిగితే ఎక్కువ వస్తుందని ఎవరైనా చెప్తారు.

అసలు తప్పు ఇంకా లోతులో ఉంది. మూడు అంశాలనీ ఒక ఘనం (క్యూబ్) మూడు దిక్కులుగా ఊహించుకుంటే, బాక్స్-బెంకెన్‌లో రన్లన్నీ ఆ ఘనం అంచుల మధ్య బిందువుల దగ్గరా కేంద్రంలోనూ జరుగుతాయి, మూలల్లో ఒక్క రన్ కూడా ఉండదు. మూలలు ప్రమాదకరంగానో ఖర్చుగానో ఉన్నప్పుడు ఆ డిజైన్ ఎంచుకోవడానికి కారణమే అది. సాఫ్ట్‌వేర్ మాత్రం తీసుకెళ్ళి సరిగ్గా మూడూ ఎక్కువగా ఉండే ఆ మూలనే సిఫారసు చేస్తోంది, అంటే మనం ఎన్నడూ నడపని చోటుని. పైగా అది గీసేది ద్విఘాత సమీకరణం, మామూలు వంపు. 100 బార్ దగ్గర సాంద్రత అలా జారిపోయి 400 బార్ దగ్గర దాదాపు కదలకుండా ఉండే వ్యవహారం ఆ వంపుకి అందదు. ప్రెషర్, టెంపరేచర్ రెండూ విడివిడి అంశాలన్నట్టు లెక్క కడుతుంది, నిజానికి అవి సాంద్రత ద్వారా ముడిపడి ఉన్నాయి. ఖ్రాస్టిల్ అనే శాస్త్రవేత్త 1982లోనే కరిగే మోతాదుని సాంద్రతతోనూ ఉష్ణోగ్రతతోనూ కలిపే సులువైన సమీకరణం ఇచ్చాడు, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆప్షన్‌గా పెట్టడం ఎంత పని? కనీసం స్క్రీన్ మీద ప్రెషర్ పక్కన సాంద్రత అంకె కూడా చూపించదు. మేం ఒక టేబుల్ ప్రింట్ తీసి మెషీన్ పక్కన గోడకి అంటించుకున్నాం.

టైమ్‌ని ఒక అంశంగా పెట్టడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన విషయం. ఒక రన్ పొడుగ్గా నడిపి, ప్రతి పావుగంటకీ సెపరేటర్ నుంచి తీసి తూకం వేస్తే ఆ రన్ మొత్తం వక్రరేఖ మన చేతిలో ఉంటుంది, గంటకి ఎంత, రెండు గంటలకి ఎంత, మూడుకి ఎంత అన్నీ. అలాంటిది టైమ్ కోసం విడిగా రన్లు చేయించడమంటే మనిషి శ్రమా గ్యాసూ వృథా చేయడమే. ఆ వక్రరేఖ చూస్తే అన్నీ చెప్తుంది. మొదట సరళరేఖలా నిటారుగా పోతుంది, అప్పుడు పగిలిన కణాల నుంచి బయటపడి రేణువుల మీద ఉన్న నూనె కరుగుతోంది, సీఓటూ పట్టగలిగినంత పట్టుకుని వస్తోంది. తర్వాత మెల్లగా వంగుతుంది. ఆ తర్వాత దాదాపు అడ్డంగా పడుకుంటుంది, అప్పుడు పగలని కణాల లోపలి నుంచి నూనె పాక్కుంటూ రావాలి. సోవోవా అనే శాస్త్రవేత్త 1994లో ఇచ్చిన మోడల్ ఈ పగిలిన, పగలని కణాల తేడా మీదే నిలబడింది. మొదటి దశలో ఫ్లో పెంచితే దాదాపు అదే నిష్పత్తిలో నూనె పెరుగుతుంది కాబట్టి పంపు పూర్తిగా తెరిచి నడపండి. చివరి దశలో ఎంత ఫ్లో ఇచ్చినా నూనె తన వేగంతోనే వస్తుంది, అక్కడ పంపు తగ్గించాలి, లేదా ఆపేసి కొత్త పొడి నింపాలి. ఎక్కడ ఆపాలన్నది ఆ వంపు దగ్గర తీసుకునే నిర్ణయం. నన్నడిగితే ఆప్టిమైజేషన్‌లో సగం అదే, దాన్ని ఈ సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు.

గింజల నుంచి నూనె తీసేవాళ్ళ కోసం ఒక లెక్క వేసి చూపిస్తాను, కొనే ముందు మీరూ వేసుకోండి. 300 బార్, 40 డిగ్రీల్లో కిలో సీఓటూలో మామూలు గింజ నూనె దాదాపు ఏడు, ఎనిమిది గ్రాములే కరుగుతుంది. ఒక లీటరు వెసెల్‌లో పొడి సుమారు 400 గ్రాములు పడుతుంది. అది పొద్దుతిరుగుడు గింజలాగా నలభై శాతం నూనె ఉన్న గింజ అయితే లోపల 160 గ్రాముల నూనె ఉంది, అంతా మొదటి దశలోలాగే కులాసాగా వచ్చేసినా కనీసం 21 కిలోల సీఓటూ కావాలి. ఈ పంపు గంటకి మూడు కిలోలు పంపుతుంది. అంటే ఏడు గంటలు, అదీ చివరి దశ కలపకుండా. కంపెనీ వాళ్ళు డెమోకి తెచ్చేది ఎప్పుడూ నూనె తక్కువ శాతం ఉండే సుగంధ ఆకు, ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఆకులో రెండు శాతం సుగంధ తైలం ఉంటే మొత్తం ఎనిమిది గ్రాములే, అది సీఓటూలో చాలా సులువుగా కరుగుతుంది, భోజనానికి వెళ్ళొచ్చే లోపు రన్ అయిపోతుంది.

ఇదే చోట క్రాసోవర్ గురించి చెప్పాలి. వేడి పెంచితే సీఓటూ సాంద్రత తగ్గి కరిగించే శక్తి తగ్గుతుంది, మరోవైపు నూనె ఆవిరి పీడనం పెరిగి కరగడం సులువవుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే ప్రెషర్ ఒకటి ఉంటుంది, గింజ నూనెలకి అది 300 బార్ చుట్టుపక్కల. దానికి కింద, 200 బార్ దగ్గర వేడి పెంచితే నూనె తగ్గుతుంది. పైన 400 బార్ దగ్గర వేడి పెంచితే నూనె పెరుగుతుంది, అక్కడ 40 డిగ్రీల్లో కిలోకి పన్నెండు గ్రాములు కరిగేది 60 డిగ్రీల్లో పదహారు దాకా వెళ్తుంది. సరిగ్గా 300 దగ్గర నలభై అయినా అరవై అయినా పెద్ద తేడా లేదు. కాబట్టి "ఏ టెంపరేచర్ మంచిది" అన్న ప్రశ్నకి ప్రెషర్ చెప్పకుండా సమాధానం లేదు. ఈ మెషీన్ 400 దాకా వెళ్ళడం అందుకే నిజమైన ప్లస్, 300తో ఆగిపోయే మోడల్ కాస్త తక్కువకి వస్తుంది కానీ గింజ నూనె మీ పని అయితే దాని జోలికి పోకండి, సరిగ్గా లాభం మొదలయ్యే చోట మెషీన్ ఆగిపోతుంది. సుగంధ తైలాలు మాత్రమే తీసేవాళ్ళకి 300 కూడా ఎక్కువే, వాళ్ళ పనంతా 80 నుంచి 120 బార్ మధ్యలోనే జరిగిపోతుంది.

బరువు గురించి ఇంకో మాట. సెపరేటర్‌లో పడిందంతా నూనె కాదు. పువ్వులూ ఆకులూ వేసినప్పుడు పైపొరల్లోని మైనం కూడా కరిగి వస్తుంది, తేమ ఉంటే నీళ్ళు వస్తాయి. సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ కలిపి దిగుబడి అంటుంది, అందుకే లావెండర్‌కి కూడా అది 350 బార్ సిఫారసు చేసింది. ఆ సెట్టింగ్‌లో వచ్చింది పసుపు పచ్చని ముద్ద, గది చల్లగా ఉంటే గడ్డకడుతుంది. 90, 100 బార్ దగ్గర తీస్తే బరువు తక్కువ వస్తుంది కానీ వచ్చింది తైలం. తక్కువ రావడమే మంచిదైన సందర్భం ఇది, దిగుబడిని ఒక్కదాన్నే కొలిచే పద్ధతి దీన్ని ఎప్పటికీ కనిపెట్టలేదు. సీసాలో ఉన్నది గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (మిశ్రమంలో ఏ పదార్థం ఎంతుందో చూపే పరికరం) చూసి, అందులో మీకు కావలసిన పదార్థం ఎంతుందో దాన్ని లెక్కలోకి తీసుకోండి, మొత్తం బరువుని కాదు.

తక్కువ ప్రెషర్‌లో కూడా కొంత మైనం తప్పదు, దాన్ని విడదీయడానికే రెండు సెపరేటర్లు. మొదటి దాన్ని 80, 90 బార్ దగ్గర సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉంచితే మైనం అక్కడే గడ్డకట్టి ఆగిపోతుంది, అంత చల్లని సీఓటూలో మైనం దాదాపు కరగదు, తైలం మాత్రం హాయిగా కరిగే ఉంటుంది. రెండో దాంట్లో ప్రెషర్ 20 బార్ దరిదాపులకి దించితే శుభ్రమైన తైలం పడుతుంది. చాలా అందమైన ఏర్పాటు ఇది, మొదటిసారి రెండో సెపరేటర్ కుళాయి తిప్పి నీళ్ళలా తేటగా ఉన్న తైలం చూసినప్పుడు ఈ టెక్నాలజీ మీద గౌరవం పెరుగుతుంది. సమస్యేంటంటే ఈ మెషీన్‌లో మొదటి సెపరేటర్ జాకెట్‌కి వేడి చేయడం మాత్రమే వచ్చు, చల్లబరచడం విడి ఆప్షన్. కొటేషన్‌లో ఆ లైన్ ఉండదు, అడిగితేనే చెప్తారు. సుగంధ తైలం పని చేసేవాళ్ళకి అది ఆప్షన్ కాదు, తప్పనిసరి. మార్కులు ఐదు నుంచి నాలుగుకి తగ్గడానికి ప్రధాన కారణం ఇదే.

పొడి తయారీ గురించి మాన్యువల్‌లో రెండు వాక్యాలున్నాయి. నా దృష్టిలో ప్రెషర్ కంటే ముందు చూసుకోవలసింది ఇదే. పొడి పావు మిల్లీమీటరు నుంచి అర మిల్లీమీటరు పైన దాకా ఉంటే బాగుంటుంది. ఇంకా మెత్తగా చేస్తే కణాలు ఎక్కువ పగులుతాయి, నూనె ఎక్కువ బయటపడుతుంది, అంతవరకూ నిజమే, కానీ ఆ పిండి వెసెల్‌లో గట్టిగా దిగ్గొట్టుకుపోతుంది, పొలంలో గట్టుకి గండి పడితే నీళ్ళన్నీ అటే పోయినట్టు సీఓటూ ఏదో ఒక సందు చేసుకుని అందులోంచే పోతుంది, మిగతా పొడి తాకకుండా అలాగే ఉండిపోతుంది. రన్ అయ్యాక వెసెల్ తెరిచి చూస్తే ఒక పక్క తెల్లగా పొడారిపోయి, ఇంకో పక్క నూనె చెమ్మతో ముద్దగా ఉంటే అదే జరిగిందని అర్థం. పొడిని జల్లెడ పట్టి బాగా మెత్తటిది తీసేయండి, లేదా గాజు పూసలు కలిపి నింపండి. రుబ్బేటప్పుడు పుట్టే వేడికి సుగంధం ముందే ఎగిరిపోతుంది కాబట్టి సువాసన ముఖ్యమైన వాటిని డ్రై ఐస్ కలిపి రుబ్బడం మంచిది, సీఓటూ వాడే ల్యాబ్‌లో డ్రై ఐస్‌కి కరువుండదు కదా. తేమ పది శాతం చుట్టుపక్కలకి తెచ్చుకోండి. పచ్చి ఆకు వేస్తే నీళ్ళు నూనెతో కలిసి వస్తాయి, సెపరేటర్‌లో నురగ కడుతుంది, వాల్వ్ దగ్గర ఐస్ అవుతుంది. అలాగని ఎముకల్లా ఎండబెడితే ఆ ఎండబెట్టడంలోనే తైలం సగం పోతుంది.

సీఓటూతో ఏం వస్తుంది, ఆవిరితో ఏం వస్తుంది అన్న తేడా తెలియడానికి చామంతి కుటుంబానికే చెందిన కామొమైల్ పువ్వు వేసి చూడండి. ఆవిరి స్వేదనంతో తీసిన కామొమైల్ తైలం ముదురు నీలంగా ఉంటుంది. ఆ నీలం పువ్వులో లేదు. మాట్రిసిన్ అనే పదార్థం వేడికి విరిగి కమాజులీన్‌గా మారినందువల్ల వచ్చే రంగు అది. ఈ మెషీన్‌లో 40 డిగ్రీల దగ్గర తీస్తే నీలం రాదు, మాట్రిసిన్ మాట్రిసిన్‌గానే ఉంటుంది. కొత్తగా చూసేవాళ్ళు "ఇందులో నీలం లేదు, నకిలీ" అనుకుంటారు కానీ పువ్వుకి దగ్గరగా ఉన్నది ఇదే. లావెండర్‌లో కూడా ఆవిరి దెబ్బకి సువాసననిచ్చే లినలైల్ అసిటేట్ కొంత విరిగిపోతుంది, ఇక్కడ నిలబడుతుంది. అల్లం అయితే ఇంకా స్పష్టం, ఘాటునిచ్చే జింజెరాల్స్ ఆవిరితో రావు, సీఓటూతో వస్తాయి. అల్లానికి నాకు బాగా నచ్చిన పద్ధతి రెండు మెట్లు: ముందు 90, 100 బార్ దగ్గర సువాసన తైలం తీసేసి, సీసా మార్చి, అదే పొడి మీద 250, 300 బార్‌తో ఘాటు సారం తీయడం. ఒకే పొడి నుంచి రెండు సరుకులు. మెషీన్‌లో ఇలా మెట్లు మెట్లుగా ప్రోగ్రామ్ చేసుకునే వీలుంది, చక్కగా పనిచేస్తుంది, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్ళేటప్పుడు ప్రెషర్ ఎగిరిపడకుండా నెమ్మదిగా ఎక్కుతుంది. ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం మెట్లు అన్న ఊహే లేదు, రన్ మొత్తానికి ఒకటే ప్రెషర్, ఒకటే టెంపరేచర్.

ఇథనాల్ పంపు గురించి ఎక్కువ చెప్పను. సీఓటూ ధ్రువీయత లేని (నూనెల్లాగా నీళ్ళలో కలవని) పదార్థాలనే ఇష్టంగా కరిగిస్తుంది, పసుపులోని కర్కుమిన్ లాంటివి కావాలంటే ఐదు, పది శాతం ఇథనాల్ కలపాలి. నూనె మాత్రమే కావాలనుకుంటే ఆ పంపు జోలికి వెళ్ళొద్దు, ఇథనాల్ కలిస్తే రంగులూ చెత్తా అన్నీ లాక్కొస్తుంది, తర్వాత దాన్ని ఆవిరి చేసి తీసేయడం ఇంకో పని. సీఓటూ ఒక్కదానితో తీసిన గింజ నూనెలో ఫాస్ఫోలిపిడ్లు దాదాపు ఉండవు, జిగురు తీసే పని తప్పుతుంది, ఆ మేలుని చేజేతులా వదులుకోవడం ఎందుకు.

ఇక రోజువారీ నడపడం. పంపుకి ద్రవ సీఓటూ కావాలి, కాబట్టి లోపల అడుగు దాకా గొట్టం ఉన్న సిలిండర్ తెప్పించుకోవాలి, మామూలు సిలిండర్ పెడితే పైనుంచి గ్యాస్ వస్తుంది, పంపు ఖాళీగా కొట్టుకుంటుంది. చిల్లర్ రెండు మూడు డిగ్రీల దగ్గర స్థిరపడ్డాకే పంపు స్టార్ట్ చేయండి, తొందరపడితే పంపు తలలో బుడగలు పుట్టి ఫ్లో పడిపోతుంది. గది వేడి 31 దాటితే సిలిండర్‌లో ద్రవమనేదే ఉండదు కాబట్టి సిలిండర్లు ఉన్న గదికి ఏసీ తప్పదు. పంపు చప్పుడు ఎక్కువే, పక్కన నిలబడి ఫోన్ మాట్లాడలేం, కానీ నమ్మకంగా పనిచేస్తుంది. ఫ్లో మీటర్ బరువుని కొలిచే రకం, ఘనపరిమాణం కొలిచేది కాదు, ఇది పెద్ద మేలు, ఎంత పొడికి ఎంత సీఓటూ పోయిందో సరిగ్గా తెలుస్తుంది. తర్వాత పెద్ద మెషీన్‌కి మారాలనుకునే వాళ్ళకి ఈ నిష్పత్తే ముఖ్యం, చిన్నదాంట్లో కిలో పొడికి ఇరవై కిలోల సీఓటూతో ఏ దిగుబడి వచ్చిందో పెద్దదాంట్లో కూడా ఆ ఇరవై పట్టుకుని మొదలుపెట్టొచ్చు. ఈ సైజులో సీఓటూని మళ్ళీ వాడుకునే ఏర్పాటు లేదు, అంతా బయటికి వదిలేస్తుంది. పెద్ద ప్లాంట్లలో తిరిగి ద్రవంగా మార్చి వాడతారు, ఇక్కడ అది లేదని ముందే తెలుసుకోండి, సిలిండర్లు గబగబా ఖాళీ అవుతాయి.

ప్రెషర్ దించే వాల్వ్ దగ్గర సీఓటూ ఒక్కసారిగా వ్యాకోచించి గడ్డకట్టేంత చల్లబడుతుంది, 5.2 బార్ కిందకి దిగితే డ్రై ఐస్‌గా కూడా మారుతుంది. దీనికి వాల్వ్ బ్లాక్‌కి హీటర్ ఇచ్చారు, మంచి హీటరే, తేమ తక్కువగా ఉన్న పొడితో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ గ్యాస్‌తో పాటు తేలికైన సుగంధ పదార్థాలు కూడా కొన్ని ఎగిరిపోతాయి, బయటికి పోయే గొట్టానికి ఒక చల్లని ట్రాప్ మీరే పెట్టుకోండి, కంపెనీ ఇవ్వదు.

ఓ-రింగుల విషయంలో జాగ్రత్త. రబ్బరు సీఓటూని పీల్చుకుంటుంది, ప్రెషర్ గబుక్కున దించితే లోపల ఇరుక్కున్న గ్యాస్ బయటికి రావడానికి రబ్బరు పగిలి పొక్కులొస్తాయి. మాకు మొదట మామూలు రబ్బరు రింగులు వచ్చాయి, టెఫ్లాన్ సీల్స్ అడిగి మార్పించుకున్నాక ఆ గొడవ పోయింది. సర్వీస్ వాళ్ళు ఫోన్‌లో ఓపికగా మాట్లాడతారు, ఇంజనీర్‌కి పని తెలుసు, కానీ స్పేర్లు రావడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో మెషీన్ ఊరికే పడి ఉంటుంది.

భద్రత విషయంలో కంపెనీ బాగానే చూసుకుంది. లోపల ప్రెషర్ ఉంటే మూత తెరుచుకోని లాక్ ఉంది, రిలీఫ్ వాల్వ్, దానికి తోడు రప్చర్ డిస్క్ (ప్రెషర్ హద్దు దాటితే తనే పగిలి గ్యాస్ వదిలే బిళ్ళ) ఉన్నాయి. గదికి మాత్రం సీఓటూ సెన్సర్ మీరే పెట్టించుకోవాలి, నేలకి దగ్గరగా పెట్టాలి, అది గాలి కంటే బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉందిగా అని ఊరుకోకండి. పని గదుల్లో ఎనిమిది గంటలకి అనుమతించే పరిమితి 5000 పీపీఎం, అంటే అర శాతం, ఆ స్థాయిలో ఆక్సిజన్ మీటర్ ముల్లు దాదాపు కదలదు. వెసెల్ గ్యాస్ వదిలేటప్పుడు గొట్టం బయటికి ఉందో లేదో ప్రతిసారీ చూడండి.

కొనాలనుకుంటే ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొటేషన్ అడగండి, ఇస్తారు, దానికి పెట్టే డబ్బుతో మొదటి సెపరేటర్‌కి కూలింగ్ జాకెట్ పెట్టించుకోండి. మెషీన్ ఇంటికొచ్చే ముందే మీ పొడి పంపి డెమో చేయించండి, వాళ్ళు తెచ్చే పొడితో కాదు, పావుగంటకోసారి తూకం వేసిన అంకెలు ఇమ్మనండి, మొదటి సెపరేటర్‌లో పడింది, రెండో దాంట్లో పడింది విడివిడి సీసాల్లో పంపమనండి. ఆ అంకెలు ఇవ్వడానికి వెనకాడే వాళ్ళ దగ్గర కొనొద్దు. టెఫ్లాన్ సీల్స్ రెండు సెట్లు, వెసెల్ రెండు చివర్లకీ పట్టే ఫిల్టర్ బిళ్ళలు నాలుగైదు ఆర్డర్‌లోనే రాయించుకోండి, మెత్తటి పొడికి ముందుగా మూసుకుపోయేవి ఆ బిళ్ళలే.